బోండా పూసలు, డోంగ్రియా క్లిప్పులు, గదబ కంటెలు: ఒడిశా కొండ నగల గురించి ఇంత గందరగోళం ఎందుకు

ఈ మధ్య వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ఒకే రకం ఫోటోలు తెగ తిరుగుతున్నాయి. గుండు తల మీద పసుపు, ఎరుపు పూసలు దట్టంగా చుట్టుకుని, మెడ నిండా తెల్లగా మెరిసే కంటెలు వేసుకున్న ఒక పెద్దావిడ సంతలో కూర్చుని ఉంటుంది. కింద ఒకరు ఆఫ్రికా అని రాస్తారు, ఇంకొకరు నాగాలాండ్ అంటారు, మరొకరు అరకు గిరిజన మహిళ అని పెట్టేస్తారు. నిజానికి ఆవిడ ఒడిశా కొండల్లో ఉండే బోండా తెగ మనిషి. ఇప్పుడు ఏఐ బొమ్మలు కూడా వచ్చాక పరిస్థితి ఇంకా పాడైంది, లంబాడీల అద్దాల రవిక మీద బోండా తలపూసలు పెట్టి, ముక్కుకి అక్కడిదే ఇంకో తెగ డోంగ్రియాల పోగులు తగిలించి "మన ఆదివాసీ సంస్కృతి" అని పంపిస్తున్నారు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వస్తే చాలు స్కూల్ ఫంక్షన్లలో కూడా ఇదే కలగాపులగం.

జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం, మల్కన్‌గిరి వైపు ఉండే తెలుగువాళ్లకి ఈ మనుషులు ఫోటోలో కనబడే వింతవాళ్లు కారు, సంతలో పక్కన కూర్చుని చింతపండు, చీపుర్లు, చోళ్లు అమ్మేవాళ్లు. అయినా మనలో చాలామందికి కూడా ఎవరు ఎవరో, ఆ పూసలు ఎక్కడివో, అవి ఎందుకు వేసుకుంటారో సరిగ్గా తెలీదు, గైడ్లు చెప్పిందే మళ్లీ మనం చెప్తుంటాం. అందుకే ఇది మొదటి నుంచి విడదీసి రాయాలనిపించింది.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నాం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్స్ అయ్యేదాకా కోరాపుట్ ప్రాంతం మద్రాస్ ప్రెసిడెన్సీలోనే ఉండేది, జయపురం జమీందారీ కింద. రాయగడ, మల్కన్‌గిరి 1992లో కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లాలయ్యాయి. తర్వాత మాచ్‌ఖండ్ జల విద్యుత్ ప్రాజెక్టు ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టుకున్నది కాబట్టి అక్కడ తెలుగు ఉద్యోగుల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ మాచ్‌ఖండ్‌కి దగ్గర్లోనే ఒనకఢిల్లీ, గురువారం సంత జరిగే ఊరు. బోండా కొండల నుంచి ఆడవాళ్లు దిగి వచ్చేది ఈ సంతకే.

బోండాలు ఉండేది మల్కన్‌గిరి జిల్లా ఖైర్‌పుట్ బ్లాక్‌లో, సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉన్న కొండల్లో, పెద్ద ఊరు ముదులిపడ. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు సుమారు 12 వేల మంది. వాళ్ల భాష రెమో, అది ముండా భాష, అంటే సంతాలీ, సవర భాషల కుటుంబం. గదబల గుతోబ్ కూడా ఆ గుంపులోదే. డోంగ్రియా కోందులు ఉండేది వేరే చోట, రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండల్లో, వాళ్లు మాట్లాడేది కువి. ఇక్కడ తెలుగువాళ్లకి ఆశ్చర్యం కలిగే విషయం ఒకటుంది, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వర్గీకరణ ప్రకారం తెలుగు, గోండి, కుయి, కువి అన్నీ ద్రావిడ భాషల్లో ఒకే ఉపశాఖ, దక్షిణ మధ్య ద్రావిడం. అంటే డోంగ్రియా ఆవిడ భాష మన భాషకి దగ్గరి చుట్టం, బోండా ఆవిడ భాష అసలు వేరే వంశం. ఫోటోలో మాత్రం ఇద్దర్నీ కలిపి "ట్రైబల్" అనేస్తాం.

ఇంకో మాట కూడా తరచుగా వినబడుతుంది, పీవీటీజీ అని. అంటే ప్రత్యేకంగా బలహీన స్థితిలో ఉన్న గిరిజన సమూహాలు, దేశంలో 75 ఉన్నాయి, అందులో 13 ఒడిశావే, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. బోండా, దిదాయి, డోంగ్రియా కోందు, కుటియా కోందు, లాంజియా సవర ఆ 13లో ఉన్నాయి. గదబలు షెడ్యూల్డ్ తెగ, కానీ ఒడిశా పీవీటీజీ లిస్టులో లేరు. ఈ లిస్టుకీ నగలకీ సంబంధం ఏమీ లేదు, అదేదో నగలు వేసుకునేవాళ్లకిచ్చిన హోదా అని కొందరు అనుకుంటారు గానీ అది ఆదాయం, జనాభా, చదువు, సాగు పద్ధతి లాంటివి చూసి ప్రభుత్వం చేసుకున్న లెక్క.

నాలుగు ఫోటోలు ముందు పెట్టుకుని చూద్దాం

మీ ఫోన్లో నాలుగు ఫోటోలున్నాయనుకోండి, ఎవరివో తెలీదు. నగల సంఖ్య వైపు చూస్తే తికమకే, ఎందుకంటే నలుగురికీ నగలు ఎక్కువే. తల వైపు చూడండి.

మొదటి ఫోటోలో తల గుండు, దాని చుట్టూ ఆకుతోనో గడ్డితోనో చేసిన పట్టీ, ఆ పట్టీ ఆధారంగా తల మొత్తం కప్పేలా సన్న పూసల పేర్లు (అంటే దారానికి గుచ్చిన వరసలు), మెడ చుట్టూ ఒకదాని మీద ఒకటి పేర్చిన లోహపు కంటెలు, ఛాతీ మీద నడుము దాకా వేలాడే పూసల దండలు, నడుముకి చారల చిన్న గుడ్డ. ఇది బోండా. ఆ గుడ్డ పేరు రింగా.

రెండో ఫోటోలో జుట్టు ఉంది, నున్నగా దువ్వి పక్కకి ముడేసి ఉంది, ఆ జుట్టు మీద వరసగా బోలెడు క్లిప్పులు, ముడిలో చిన్న వంకర కత్తి, ముక్కుకి మూడు పోగులు, చెవి అంచు పొడుగునా రింగులు, మెడలో పూసల దండలు, ఒంటి మీద తెల్ల గుడ్డ. ఇది డోంగ్రియా కోందు. ఇక్కడ ఇంకో సంగతి, డోంగ్రియా మగవాళ్లు కూడా జుట్టు పెంచి క్లిప్పులు, ముక్కు పోగులు, పూసలు పెట్టుకుంటారు, కాబట్టి అలంకారం అంటే ఆడవాళ్లదే అన్న మన లెక్క అక్కడ నడవదు. 2013లో నియమగిరి బాక్సైట్ గనుల మీద సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలని చెప్పడం, 12 గ్రామసభలూ వద్దనడం జరిగాక వీళ్ల ఫోటోలు ప్రపంచమంతా వెళ్లాయి, అందుకే చాలామందికి ఒడిశా ఆదివాసీ అనగానే ఈ రూపమే గుర్తొస్తుంది.

మూడో ఫోటోలో పెద్ద వయసు ఆవిడ, చెవులకి భుజాల దాకా వచ్చే పెద్ద తీగ రింగులు, మెడలో బరువైన లోహపు కంటెలు, ఒంటికి ఎరుపు, నీలం, తెలుపు చారల ముతక గుడ్డ. గదబ. ఆ గుడ్డ కెరంగ్ అనే మొక్క నారతో నేసింది. గదబలు మన వైపు కూడా ఉన్నారు, అల్లూరి జిల్లా, విజయనగరం, మన్యం జిల్లాల్లో, అయితే ఈ పాత వేషం ఇప్పుడు కనబడేది ఎక్కువగా కోరాపుట్ వైపు ముసలివాళ్ల ఒంటి మీదే.

నాలుగో ఫోటోలో చెవి తమ్మెలు బాగా సాగి అందులో గుండ్రటి చెక్క బిళ్లలు, నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్టు గీతలు. లాంజియా సవర, గుణుపురం, పుట్టాసింగి వైపు.

ఇదంతా స్థూలంగా చెప్పిందే. ఊరు మారితే, వయసు మారితే తేడాలుంటాయి. బోండా అమ్మాయి చీర కట్టుకుని జుట్టు పెంచుకుని కాలేజీకి వెళ్తుంటే ఆమె బోండా కాకుండా పోదు.

బోండా తల మీద నిజానికి ఏముంటుంది

దూరం నుంచి చూస్తే టోపీ అనిపిస్తుంది, కానీ కుట్టిన వస్తువు కాదు అది. విడివిడి పేర్లు. సన్న పూసలు దారానికి ఎక్కించి ఆ పేర్లని తల చుట్టూ, నెత్తి మీదుగా తిప్పి కట్టుకుంటారు, ఆకు పట్టీ అవి జారకుండా పట్టుకుంటుంది. జుట్టు లేదు కాబట్టి పట్టీ నేరుగా తలకి పట్టు దొరకబుచ్చుకుంటుంది, అంటే గుండు, పట్టీ, పూసలు మూడూ కలిసి పనిచేసే ఏర్పాటు. ఒక్కటి తీసేస్తే మిగతావి ఆగవు. ఫ్యాన్సీ డ్రెస్‌లో జుట్టు మీద ఆ పూసల్ని పిన్నులతో గుచ్చితే పది నిమిషాల్లో జారిపోవడానికి కారణం ఇదే.

ఎంత పని ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం, ఇది కొలిచిన లెక్క కాదు, అంచనా కోసం మనం వేసుకుంటున్న ఉదాహరణ. దారం మీద ఒక్కో పూస 2 మిల్లీమీటర్ల చోటు తీసుకుంటుంది అనుకుందాం. 90 సెంటీమీటర్ల పేరుకి 450 పూసలు. తలకీ మెడకీ కలిపి 30 పేర్లు అనుకుంటే 13,500 పూసలు. నిమిషానికి 20 ఎక్కించినా 675 నిమిషాలు, అంటే 11 గంటల పైన కేవలం గుచ్చడానికే. దారం తెగితే మళ్లీ గుచ్చాలి, రంగుల వరస తప్పితే విప్పాలి. గుత్తులుగా గుచ్చినవే కొన్నా తనకి కావాల్సిన పొడవు, రంగు వరస కోసం విప్పి మళ్లీ కట్టుకోక తప్పదు. ఒక్క రోజులో, ఒక్కసారి కొనుక్కుని వేసుకునే సరుకు కాదిది, ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పోగయ్యేది.

ఇంక ఒంటి మీద దండల సంగతి. బోండా ఆడవాళ్లకి పై గుడ్డ ఉండేది కాదు, పూసలే పైభాగాన్ని కప్పేవి. బయటివాళ్లు ఫోటోల్లో ఎంతసేపూ "గుడ్డ లేదు" అన్నది చూస్తారు గానీ అక్కడ ఉన్నది చూడరు. ఒక బోండా ఆవిడ సంతకి బయల్దేరేటప్పుడు పూర్తిగా తయారై వస్తుంది, ఆమె లెక్కలో అది ఒళ్లంతా కప్పుకున్న నిండు వేషం.

పూసలు కొండలో పుట్టినవి కావు

ఇక్కడే చాలామందికి మొదటి షాక్. "సహజమైన అడవి వస్తువులతో చేసుకున్న నగలు" అని రాసేస్తుంటారు. రింగా నార విషయంలో, తల పట్టీ విషయంలో అది నిజం. పూసలు మాత్రం గాజువి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి కూడా, బోండా కొండల మీద గాజు పూసల కొలిమి లేదు. కంటెలకి వాడే ఇత్తడి, అల్యూమినియం కూడా కింద నుంచి వచ్చినవే. అన్నీ సంతలో కొన్నవి. తరాల తరబడి ఇంతే, చోళ్లూ చిక్కుడు గింజలూ చింతపండూ ఇచ్చి ఉప్పు, ఎండు చేప, పూసలు తెచ్చుకోవడం.

గాజు పూసలు మన దేశంలో చాలా పాత పరిశ్రమ. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 2 వేల ఏళ్ల కిందటి పూసల తయారీ ఆనవాళ్లు దొరికాయి. ఆ రకం సన్న గాజు పూసలు హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్లాయి, వాటికి పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టాడు. ఆ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం దాకా బతికున్నది ఎక్కడో తెలుసా, మన శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో. కొలిమిలో కరిగిన గాజు ముద్దని పొడవాటి ఇనుప గొట్టం చివర శంకువులా చేసి, మధ్యలో బోలు వచ్చేలా చువ్వ దూర్చి, అవతలి వైపు నుంచి ఒక మనిషి ఆగకుండా లాగుతూ ఉంటే సన్నటి గాజు గొట్టం వస్తూనే ఉంటుంది. ఆ గొట్టాల్ని చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచులు మెత్తబడి గుండ్రమవుతాయి, బూడిద వల్ల రంధ్రం మూసుకుపోదు. ఎంత తెలివైన పనో చూడండి.

ఇంగ్లీషు వాళ్ల కాలంలో వెనిస్ నుంచి, ఇప్పటి చెక్ దేశం ఉన్న బొహేమియా నుంచి కూడా పూసలు దిగుమతి అయ్యేవి. ఇప్పుడు దేశంలో గాజు పూసలకి పేరున్న చోట్లు ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌పూర్, వారణాసి లాంటివి. కాబట్టి సంతలో ఒక గుత్తి పూస చేతిలోకి వచ్చేసరికి దాని వెనక పెద్ద ప్రయాణం ఉంటుంది.

గవ్వల కథ కూడా ఇలాంటిదే. అవి ఎక్కువగా మాల్దీవుల నుంచి వచ్చేవి, ఒడిశాలో గవ్వలు డబ్బుగా చెల్లేవి. 1803లో ఇంగ్లీషు వాళ్లొచ్చాక పన్ను వెండిలో కట్టాలన్నారు, గవ్వకి విలువ పడిపోయింది, ఇంగ్లీషు వాళ్ల మీద ఒడిశాలో జరిగిన 1817 పైకా తిరుగుబాటుకి చెప్పే కారణాల్లో ఇదొకటి. చెల్లని డబ్బు నగగా మిగలడం ఆ ఒక్కసారితో ఆగలేదు, పాత నాణేలు గుచ్చిన దండలు కొండల్లో ఇప్పటికీ కనబడతాయి.

మరి కొన్న పూసలైతే అది వాళ్ల సంప్రదాయం ఎలా అవుతుంది అని ఎవరైనా అడిగితే, మన పెళ్లిళ్లలో నల్లపూసలు ఎవరు తయారుచేశారో అడుగుతామా? పూస ఎవరిదైనా ఏ రంగు పక్కన ఏ రంగు రావాలి, ఎన్ని పేర్లు, ఎక్కడ కట్టాలి, ఏ వయసుకి ఏది అన్నది వేసుకునేవాళ్లు తేల్చుకున్నది, సంప్రదాయం ఉన్నది ఆ ఏర్పాటులో. నా మట్టుకు నాకు ఈ మొత్తం విషయంలో ముఖ్యమైన ముడి ఇదే, ఇది విడితే "అసలుదా నకిలీదా" అనే గొడవ సగం తేలిపోతుంది. గాజు పూస పోయి ప్లాస్టిక్ పూస వస్తే సంప్రదాయం చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లు, ఇత్తడి పోయి అల్యూమినియం వచ్చినప్పుడూ ఏడవాల్సిందే, ఆ లెక్కన వెనక్కి వెళ్తూ పోతే ఎక్కడా ఆగలేం.

సీత శాపం కథ, మిగతా కారణాలు

ఆడవాళ్లు గుండు ఎందుకు, ఒంటి మీద చిన్న గుడ్డే ఎందుకు అంటే అందరూ చెప్పే కథ ఒకటుంది. వనవాసంలో సీతమ్మ ఇక్కడ ఒక కొలనులో స్నానం చేస్తుంటే బోండా ఆడవాళ్లు చూసి నవ్వారని, ఆవిడ కోపంతో మీరు గుండుతో, గుడ్డ లేకుండా ఉండండి అని శపించిందని, బతిమాలితే తన చీర నుంచి కొంచెం పోగు తీసి ఇచ్చిందని, అదే రింగా అయిందని. ముదులిపడ దగ్గర సీతాకుండం అని చోటు కూడా చూపిస్తారు. బోండా పెద్దవాళ్లలో ఈ కథ చెప్పేవాళ్లున్నారు కాబట్టి దాన్ని బయటివాళ్ల కట్టుకథ అని కొట్టిపారేయలేం, వాళ్లు రింగా వదలకపోవడానికి అదొక బలమైన కారణంగా చెప్పుకున్నారు కూడా.

కానీ ఇంకో వైపు నుంచి చూసేవాళ్ల వాదన కూడా వినాలి. ముండా భాష మాట్లాడే, తమ దేవతల్ని తాము కొలుచుకునే జనం వేషానికి రామాయణంలో కారణం వెతకడం అంటే చుట్టూ ఉన్న హిందూ సమాజం వాళ్లని తన కథలోకి లాక్కోవడమే అంటారు కొందరు మానవశాస్త్రం వాళ్లు. పైగా కథలో ఆ వేషం ఒక శిక్ష. వేసుకునే మనిషికి అది శిక్షగా అనిపిస్తే తల మీద అన్ని గంటల పని పెట్టి పూసలు ఎందుకు గుచ్చుకుంటుంది అని వాళ్లు అడుగుతారు, ఆ ప్రశ్నలో బలముంది.

మూడో వివరణ మగ్గం వైపు నుంచి. రింగాని ఆడవాళ్లే నడుముకి కట్టుకునే చిన్న మగ్గం మీద నేస్తారు, కెరంగ్ నార తీయడం, ఎండబెట్టడం, వడకడం పెద్ద చాకిరీ, ఆ మగ్గం మీద వచ్చే గుడ్డ వెడల్పు సుమారు ఒక అడుగే. దొరికే నార, మగ్గం కొలత కలిసి గుడ్డ కొలతని తేల్చాయి, మిగిలిన ఒంటికి పూసలు వచ్చాయి అని. ఇది గుడ్డ చిన్నది ఎందుకో బాగానే చెప్తుంది, గుండు ఎందుకో చెప్పలేదు. నాలుగోది గుర్తింపు వైపు నుంచి, చుట్టుపక్కల దిదాయి, గదబ, పరజ లాంటి జనాలు అందరూ ఉన్న చోట మేం ఎవరమో దూరం నుంచే తెలియాలి కాబట్టి ప్రతి తెగా తన తల, చెవి, మెడ వేరేగా పెట్టుకుంది అని. సంతలో నిలబడి చూస్తే ఇది నిజమే అనిపిస్తుంది. ఈ వివరణలు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు, కథ ఒక ప్రశ్నకి, మగ్గం ఇంకో ప్రశ్నకి సమాధానం చెప్తున్నాయి.

మెడ కంటెల గురించి గైడ్లు చెప్పేది వేరే, పులి మెడ పట్టుకోకుండా అని. వినడానికి బాగుంటుంది. అదే నిజమైతే వేటకి అడవిలోకి ఎక్కువగా వెళ్లే మగవాళ్ల మెడల్లో ముందు ఉండాలి కదా, లేవు. గదబ కంటెలు కమ్మరి దగ్గర కూర్చుని మెడకి బిగించి వేయించుకునేవాళ్లు, ఒకసారి వేశాక తీయడం కష్టం. ఆ బరువుతో కట్టెలు మోసి, పొలం పని చేసి, నిద్రపోయేవాళ్లు. ఇప్పటి గదబ అమ్మాయిలు అది వద్దంటే వాళ్లని తప్పు పట్టే హక్కు మెడ ఖాళీగా ఉన్న మనకి లేదు.

ఇప్పుడు ఏం మారుతోంది, దాని మీద రెండు అభిప్రాయాలు

1976-77లో ముదులిపడలో బోండా అభివృద్ధి సంస్థ పెట్టారు, తర్వాత స్కూళ్లు, హాస్టళ్లు, రోడ్డు వచ్చాయి. హాస్టల్‌కి వెళ్లిన పిల్ల యూనిఫాం వేసుకుంటుంది, జుట్టు పెంచుకుంటుంది, సెలవులకి ఇంటికొచ్చినా గుండు చేయించుకోదు. ముందు చెప్పినట్టు గుండు లేకపోతే తలపూసలు నిలవవు, అందుకని ఒక్క జుట్టు మారేసరికి మొత్తం తల అలంకారం పోతుంది, మెడ దండలు మాత్రం చీర మీద, నైటీ మీద కూడా వేసుకోవచ్చు కాబట్టి అవి ఇంకొంత కాలం నిలబడతాయి. సంతలో ఇప్పుడు కనబడేది సరిగ్గా ఇదే, తల్లి పూర్తి వేషంలో, కూతురు చీరలో మెడలో రెండు మూడు దండలతో.

దీన్ని మంచిదే అనేవాళ్లు చెప్పేది ఏంటంటే, ఆ వేషంతో బస్సెక్కితే, ఆస్పత్రికి వెళ్తే, ఆఫీసుకి వెళ్తే అందరూ గుచ్చి గుచ్చి చూస్తారు, ఫోన్లు తీస్తారు, ఆ అవమానం పడమని పిల్లలకి ఎవరు చెప్తారు? పూసల కోసం చదువు ఆగదు. రెండో వైపువాళ్లు అడిగేది, అవమానించేవాళ్లని మార్చకుండా వేషాన్ని ఎందుకు మార్చాలి, హాస్టల్లో జుట్టు, బట్ట, భాష మూడూ ఒకేసారి మార్చేస్తే పిల్ల ఇంటికి వచ్చాక ఎవరిగా మిగులుతుంది అని. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. తేడా ఎక్కడ వస్తుందంటే ఆ అమ్మాయి తనకి తాను వద్దనుకుందా, వద్దనుకునేలా చేశారా అన్న దగ్గర, దానికి ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు ఉంటుంది.

ఫోటోల సంగతి ఇంకా ఇబ్బంది. ఒనకఢిల్లీ గురువారం సంతకీ, డోంగ్రియాలు వచ్చే చాటికోన బుధవారం సంతకీ టూరిస్టులు ఏళ్ల తరబడి వ్యాన్లలో వచ్చేవాళ్లు. 2012లో అండమాన్‌లో జారవా తెగ ఆడవాళ్లని టూరిస్టుల ముందు డాన్స్ చేయించిన వీడియో గొడవ అయ్యాక ఒడిశాలో కూడా పీవీటీజీ ఊళ్లకి టూరిస్టుల రాక మీద, ఫోటోల మీద ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు విదేశీ కెమెరాల కన్నా మన రీల్సే ఎక్కువ. ఫోటోకి డబ్బు ఇస్తే తప్పేముంది అంటారు కొందరు, అడిగి, ఆమె ఒప్పుకుని, డబ్బు తీసుకుంటే అది ఆమె ఇష్టం, కూలి కూడా. అడక్కుండా కూరగాయల మీంచి ఫోన్ పెట్టి ముఖం మీదకి జూమ్ చేయడం మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేం. మన అమ్మ సంతలో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే ఎవడో అలా తీస్తే ఊరుకుంటామా?

జీఐ వచ్చింది కదా, మరి ఈ నగలకి రక్షణ ఉన్నట్టేనా

2024 జనవరిలో ఒడిశాకి ఒకేసారి కొన్ని జీఐ గుర్తింపులు వచ్చాయి, అందులో డోంగ్రియాల కపడాగండ శాలువా, లాంజియా సవర చిత్రాలు, కోరాపుట్ కాలాజీర బియ్యం ఉన్నాయి. అప్పటి నుంచి "డోంగ్రియా నగలకి జీఐ ఉంది" అని అమ్మేవాళ్లు కనబడుతున్నారు. అది సరైన మాట కాదు.

జీఐ అంటే భౌగోళిక గుర్తింపు, 1999 చట్టం కింద వచ్చేది, 2003 నుంచి అమల్లో ఉంది. ఒక వస్తువు, ఒక ప్రాంతం, ఒక తయారీ పద్ధతి, ఈ మూడింటినీ కలిపి ఒక పేరుకి రక్షణ ఇస్తుంది. ఒక నమూనా మీద జనానికి సొంత హక్కు ఇవ్వదు. కపడాగండ అంటే తెల్ల గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండల గుర్తుగా త్రికోణాలు కుట్టే శాలువా, డోంగ్రియా అమ్మాయిలు తమకి ఇష్టమైన వాళ్లకోసం కుట్టేది. గుర్తింపు ఆ శాలువాకి. అదే అమ్మాయి జుట్టులోని క్లిప్పులకి, మెడలో పూసలకి దాంతో సంబంధం లేదు.

ఉదాహరణకి ఒక షాపు మూడు వస్తువులు అమ్ముతోంది అనుకోండి. మిషన్ మీద కుట్టిన గుడ్డని కపడాగండ అని పేరు పెట్టి అమ్మితే అది జీఐ ఉల్లంఘన అయ్యే అవకాశం ఉంది. అదే గుడ్డని "ట్రైబల్ ఎంబ్రాయిడరీ శాలువా" అని అమ్మితే ఆ పేరు వాడలేదు కాబట్టి పట్టుకోవడం చాలా కష్టం. మూడోది, ఏదో ఊళ్లో గుచ్చించిన పసుపు ఎరుపు పూసల దండని "బోండా నెక్లెస్" అని అమ్మితే, రిజిస్టర్ అయిన బోండా పూసల జీఐ అంటూ ఉంటేనే ఆ చట్టం కింద అడగొచ్చు. కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా దీన్ని బట్టే ఉంటుంది, శాలువా దగ్గర జీఐ ఉందా అని, దండ దగ్గర ఎవరు గుచ్చారు, వాళ్లకెంత ఇచ్చారు అని.

అలాంటప్పుడు బోండా తలపూసలకి కూడా జీఐ తెస్తే పోలా అంటే, అక్కడ ఒక చిక్కు ఉంది. జీఐ అమ్మే వస్తువు చుట్టూ కట్టిన చట్టం. ఉత్పత్తిదారుల తరఫున ఒక సంఘమో సంస్థో దరఖాస్తు పెట్టాలి, ఆ పేరు వాడుకునే తయారీదారులు విడిగా నమోదు కావాలి, 10 ఏళ్లకోసారి రిన్యూ చేయించాలి. బోండా ఆవిడ తలపూసలు గుచ్చుకునేది అమ్మడానికి కాదు, తను వేసుకోవడానికి. పూస, దారం రెండూ బయటివే కాబట్టి ప్రాంతంతో ముడి చూపించాలంటే గుచ్చే తీరునీ కట్టే తీరునీ చూపించాలి, ఆ తీరు ముదులిపడ చుట్టుపక్కల పెద్దావిడల చేతుల్లోనే ఉంది. దాన్ని కాగితం మీద పెట్టి అమ్మకపు సరుకుగా మార్చాలా వద్దా అన్నది రెమో మాట్లాడే ఆడవాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సింది, వాళ్లు ఒప్పుకుంటేనే దరఖాస్తు దాకా వెళ్లాలి, శాలువాకి వచ్చింది కదా అని భువనేశ్వర్‌లో ఎవరో తయారుచేసి పెట్టేది కాదు.